అనవసరమైనది ఇందులో లేదు

సారు పోయాడని నా ఫోనుకు వచ్చిన మొదటి మెసేజీలో రెండు చేతులు జోడించిన బొమ్మ, దాని కింద 'మహామేధావి' అన్న మాట ఉన్నాయి. పంపినవాడు కోచింగ్ సెంటరు ఓనరు. సారు తయారుచేసిన సిస్టమ్‌ను తన సొంత బల్ల మీదున్న కంప్యూటరులో ఏనాడూ వేయనివ్వని మనిషి. ఆయన మొదలుపెట్టాక సెంటరు వాట్సాప్ గ్రూపులో మిగతావాళ్లు వరసగా అందుకున్నారు. నిరాడంబరుడన్నారు, కర్మయోగి అన్నారు, నంద్యాలకు దొరికిన వజ్రమన్నారు. చచ్చినవాడి కళ్లు చారెడు అని ఊరికే అనలేదు. వీళ్లలో ఒక్కరూ ఆయన విడుదల చేసినదాన్ని ఒక పూటైనా వాడిన పాపాన పోలేదు. వాడినవాడెవడూ వజ్రం అనడు.

నేను ఏమీ రాయలేదు. నంద్యాల బస్టాండు దగ్గర కంప్యూటర్లు అమ్ముకుంటూ, బాగుచేసుకుంటూ బతికేవాణ్ని. సారు ఏదైనా విడుదల చేస్తే మర్నాడు పొద్దున్నే మోగేది నా ఫోను. పని ఆయనది, తిట్లు నాకు. అట్లా ఏళ్ల తరబడి సాగింది మా స్నేహం, దాన్ని స్నేహం అనవచ్చునంటే.

ఆయన చేసిన పని ఏమిటో కంప్యూటర్ల గొడవ పట్టనివాళ్లకు కూడా చెప్పాలి. లేకపోతే నా కోపం అర్థం కాదు. కంప్యూటరును నడిపించే వ్యవస్థలో అన్నిటికంటే అడుగున కెర్నెల్ అని ఒకటి ఉంటుంది. మౌసు కదిలిందనీ, ప్రింటరు తగిలించారనీ, స్పీకరు ఉందనీ గుర్తుపట్టేది అదే. ఎవరింట్లో ఏ సామాను ఉంటుందో ముందుగా తెలియదు కాబట్టి, దాన్ని తయారుచేసేవాళ్లు దొరికిన ప్రతి వస్తువుకూ దాన్ని నడిపించే డ్రైవరు అనే ముక్కను అందులో పెట్టి పంపిస్తారు. పెళ్లికి వండేవాడు ఉల్లిపాయ తిననివాళ్లను కూడా తలుచుకుని వండినట్టు. ఇష్టమైనవాళ్లు దాన్ని విప్పి, తమకు తగ్గట్టు మళ్లీ కట్టుకోవచ్చు. అందుకు పొడవాటి మెనూ ఒకటి ఉంటుంది. ఇది కావాలా, ఇది కావాలా అని వేల ప్రశ్నలు అడుగుతుంది. కావాలంటే వై, వద్దంటే ఎన్ నొక్కాలి.

సారు వద్దనడంలో ఆరితేరినవాడు. ఆయన కీబోర్డు మీద ఎన్ అన్న అక్షరం పూర్తిగా అరిగిపోయి, అక్కడ నల్లగా నున్నటి మీట ఒకటి మిగిలింది. వై మాత్రం షాపు నుంచి తీసుకుపోయిన రోజు ఎలా ఉందో అలాగే ఉండేది. ఆ కీబోర్డు అమ్మింది నేనే కాబట్టి ఈ మాట ఖచ్చితంగా చెప్పగలను.

"కలుపు తీయకుంటే పైరు యాడ లేస్తుందప్పా?" అనేవాడు ఎవరైనా అడిగితే.

సంజామల దగ్గర పల్లెలో తరాలుగా సేద్యం చేసిన ఇంటివాడు. అలాంటి ఇంట్లో పుట్టి కూడా కలుపేదో పైరేదో గుర్తుపట్టడం నేర్చుకోలేదు. మెనూలో తనకు తెలియని పేరు కనబడితే కలుపు. తన బల్ల మీద లేని సామానైతే కలుపు. ఆయన పద్ధతి నేను కళ్లారా చూశాను. ముందు తన కంప్యూటరుకు తగిలించినవన్నీ పీకేసేవాడు. కీబోర్డు, మౌసు, తెర మిగిలేవి. 'ఇప్పుడు నువ్వు వాడుతున్నవి ఉంచుకో, మిగతావి తీసేయ్' అని కంప్యూటరుకే ఆజ్ఞ ఇచ్చేవాడు. అది పాపం చెప్పినట్టే చేసేది. మిగిలినదాన్ని తాను మెనూ ముందు కూర్చుని మళ్లీ ఏరేవాడు. అలా ఏరి కట్టినదాన్ని తెచ్చి అందరి కంప్యూటర్లలోనూ వేసేవాడు. ప్రపంచంలో కంప్యూటరు ఒక్కటే ఉందనీ, అది తన బల్ల మీదే ఉందనీ ఆయన నమ్మకం.

ఇది కంప్యూటర్లకు మాత్రమే పట్టిన పిచ్చి కాదు. నేనొక్కణ్నే కదా పోయేదని స్కూటరుకు వెనక సీటు పీకించాడు. చొక్కాలు జేబు లేకుండా కుట్టించుకునేవాడు, పెన్ను మాత్రం షాపుకొచ్చినప్పుడల్లా నా జేబులోంచి తీసుకునేవాడు. హోటల్లో దోసెతో రెండు చట్నీలు తెస్తే ఒకటి తీసి సర్వరు చేతిలో పెట్టేవాడు. ఫోనులో హలో ఉండదు, ఉంటానని ఉండదు. మాట మధ్యలో తెగిపోయిందనుకుని నేను తిరిగి చేస్తే, "చెప్పాల్సింది అయిపాయ కదప్పా, మళ్లా ఎందుకు చేస్తాండావ్?" అని కసిరేవాడు. ఒకసారి వాళ్లావిడ ఏదో వైరు కోసం షాపుకొచ్చి, "మీ సారు నన్నింకా తీసెయ్యల్యా అంటే నేను కూడా దేనికో పనికొస్తాండానన్నమాటే అన్నా" అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైనవాడు. బ్యాంకు ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు ఎక్కడెక్కడి నుంచో నంద్యాలకు వస్తారు కదా, అలాంటి ఒక కోచింగ్ సెంటరులో కంప్యూటరు పాఠాలు చెప్పేవాడు. అక్కడి ల్యాబు మొత్తం ఆయన చేతిలో పెట్టాడు ఓనరు. కొత్త కంప్యూటర్లు కొనకుండా పాతవాటితోనే నెట్టుకురావచ్చని సారు చెప్పడమే ఆ ఓనరు భక్తికి మూలం.

విడుదల ఏటా దసరాకు, ఆయుధపూజ రోజున. అందరూ లారీలకు, కుట్టుమిషన్లకు బొట్లు పెట్టే వేళకు సారు పెన్‌డ్రైవుకు కుంకుమ పెట్టేవాడు. ల్యాబు గుమ్మం ముందు గుమ్మడికాయ కొట్టించేవాడు. అంతకు ముందు వారమంతా ఆయన ఇంట్లో కెర్నెల్ కట్టడం నడుస్తుండేది. పెట్టె మూత విప్పి, దానికి ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టి, కరెంటు తగ్గుతుందని వంటింట్లో మిక్సీ వేయనిచ్చేవాడు కాదు. ఆ వారం ఇంట్లో పచ్చడి ఉండేది కాదు. విడుదలలకు మన చుట్టుపక్కల ఊళ్ల పేర్లు పెట్టేవాడు. ఆ ఒక్కటి ముచ్చటగా ఉండేది, ఒప్పుకోవాలి. కంప్యూటరు లేవగానే నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ఒకే ఒక్క వాక్యం వచ్చేది: 'అనవసరమైనది ఇందులో లేదు.'

అవసరమైనవి కూడా ఉండేవి కావు. 'వెలుగోడు' విడుదలలో ప్రింటర్లు పోయాయి. పిల్లలు హాల్‌టికెట్లు తీసుకోవడానికి నా షాపు ముందు వరస కట్టారు. 'సంజామల' విడుదలలో మౌసులు పోయాయి. ఆయన మౌసుది పాతకాలం గుండ్రటి పిన్ను, ల్యాబులో ఉన్నవి కొత్తవి. ఇక 'సున్నిపెంట' సంగతి చెబితే ఎవరూ నమ్మరు. పెన్‌డ్రైవులో పెట్టి పంచిన ఆ విడుదల పెన్‌డ్రైవును గుర్తుపట్టేది కాదు. సగం దూరం లేచి, తాను ఎక్కడి నుంచి లేచానో తెలియక ఆగిపోయేది. కూర్చున్న కొమ్మ నరుక్కోవడం అని చిన్నప్పుడు విన్నాను గానీ, నరుక్కున్న మనిషిని చూడటం అదే మొదలు. అప్పుడు కూడా ఆయన ముఖంలో చిన్న కలవరమైనా లేదు. "పెన్‌డ్రైవు వద్దప్పా, సీడీలో వేద్దాం" అన్నాడు.

ఒక్క మేలు ఉంది. చాలా వేగంగా లేచేది. పాతబడి మూలిగే కంప్యూటరు కూడా మీట నొక్కితే చటుక్కున లేచి కూర్చునేది. సారు చేతి గడియారం చూసుకుంటూ ల్యాబు మధ్యలో నిలబడి, ఒక వరస మొత్తం ఒక్కసారి ఆన్ చేయించి, అన్నీ కలిసి లేస్తుంటే మురిసిపోయేవాడు.

"చూసినావా? కన్ను మూసి తెరిచేలోగా లేచె!"

"లేచింది సార్. లేచి ఏం చేస్తుంది?"

"ఏం చేయాల?" అని నా వంక తెల్లబోయి చూశాడు. ఆ ప్రశ్న ఆయనకు అంతవరకూ తట్టలేదు.

ఇంకో మాట కూడా అరగదీసేవాడు. "ఆళ్లగడ్డలో శిల్పి ఏం చేస్తాడప్పా? రాయిలో అక్కర్లేనిది తీసేస్తాడు. అంతే. మిగిలిందే దేవుడు." ఈ మాట ఎవరన్నారో ఎక్కడ విన్నాడో గానీ, పాఠం మొదలుపెడితే ఇదే, ముగిస్తే ఇదే. ఆళ్లగడ్డ శిల్పి ఇంటి బిడ్డే ఒకరోజు ఆ ల్యాబులోకి వచ్చి కూర్చుంటుందని ఆయన అనుకుని ఉండడు.

ఆ అమ్మాయి పేరు ఓబులేశ్వరి. తండ్రి ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన విగ్రహాలు చెక్కుతాడు. పుట్టుకతోనే ఆమెకు చూపు లేదు. డిగ్రీ పూర్తిచేసి, బ్యాంకు పరీక్ష రాయాలని రోజూ బస్సులో నంద్యాలకు వచ్చిపోయేది. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేరు ఉంటుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఆ గొంతును మామూలువాళ్లకు ముక్క అర్థం కానంత వేగంగా పెట్టుకుని, మూలనున్న కంప్యూటరు ముందు ప్రశ్నలు దంచేది. నోరు కూడా తక్కువేమీ కాదు. నేను ఆమెకు కీబోర్డు మార్చిన రోజునే, "ఏందన్నా ఇది, పాత మంచమెక్కినట్టు కిర్రుమంటాండాది" అని తగులుకుంది. నాకు నచ్చింది ఆ పిల్ల.

ఆ ఏడు దసరాకు సారు 'నంద్యాల' విడుదల చేశాడు. మర్నాడు ఎప్పటిలాగే ఫోను మోగింది. ఈసారి చేసింది ఓబులేశ్వరి.

"అన్నా, మిషన్ పలకల్యా. ఇయర్‌ఫోన్ పోయిందో ఏమో, వచ్చి చూడన్నా."

ఇయర్‌ఫోన్ బాగానే ఉంది. వేరే కంప్యూటరులో పెట్టి చూశాను, అదీ మూగే. వరస మొత్తం మూగే. సారు నింపాదిగా వచ్చాడు.

"శబ్దం తీసేసినా," అన్నాడు. "పిల్లలు పాటలు వింటాండారు. పరీక్షలో శబ్దం ఉంటుందా? ఉండదు. ఈడ ఎందుకు?"

"పరీక్షలో నాకు చదివి చెప్పే మనిషిని ఇస్తారు సార్," అంది ఓబులేశ్వరి. "ఈడ నాకెవరు చదువుతారు?"

"ఒక్కదానివి నువ్వు. ఒక్కరి కోసం అన్నిట్లో పెట్టాల్నా?"

"ఈ ఒక్కదాంట్లో పెట్టండి సార్."

"ఒక్కో మిషన్‌కు ఒక్కో కెర్నెల్ అయితే దాన్ని విడుదల అనరమ్మా. అందరికీ ఒకటే ఉండాల." తర్వాత, ఆ మనిషికి సిగ్గన్నది ఉంటే అక్కడ ఆగేవాడు, ఆగలేదు. "ఆళ్లగడ్డదానివి కదా, నీకు చెప్పాల్నా? మీ నాయన ఏం చేస్తాడు? రాయిలో అక్కర్లేనిది తీసేస్తాడు."

"అక్కర్లేనిదే తీస్తాడు సార్. ఉలి జారి చెవో ముక్కో ఎగిరిపోతే, అది ఇంక పూజకు పనికిరాదని మూల పడేస్తాడు. మా ఇంటి ముందర అట్లాటివి చానా ఉండాయి. మీదీ తెచ్చి వాటి పక్కన పెట్టండి."

ల్యాబులో పిల్లలు నవ్వారు. సారు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, పక్క కంప్యూటరు దగ్గరికి వెళ్లిపోయాడు. పరీక్ష దగ్గరపడుతోంది. ఆమెకు ఇంట్లో కంప్యూటరు లేదు. ఈ ల్యాబులో ఈ మూల మిషన్ పలికితేనే ఆమె చదువు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు, సారుకు కూడా తెలుసు.

నేను ఆయనతో వాదన పెట్టుకోలేదు. ఆయన ఇంటికి పోయాక మూల మిషన్‌లో ఆయన సరుకు చెరిపేసి, లోకమంతా వాడే మామూలు సిస్టమ్ వేశాను. మర్నాడు ఓబులేశ్వరి చెవుల్లో మళ్లీ గొంతు పలికింది. కొన్నాళ్లు బాగానే గడిచింది. ఒక పొద్దున సారు గడియారం పట్టుకుని నిలబడి వరసను లేపించాడు. అన్నీ కలిసి లేచాయి, మూలది మాత్రం వెనకబడింది. దగ్గరికి పోయి చూశాడు. అక్కడ తన వాక్యం లేదు. జేబు లేని మనిషి, చేతిలోనే పెన్‌డ్రైవు పట్టుకుని తిరుగుతాడు. అప్పటికప్పుడు తుడిచేసి తనది వేశాడు.

ఆ వేళకు నేను ఇంకో మూల ప్రింటరు చూస్తున్నాను. ఓబులేశ్వరి బస్సు దిగి వచ్చి కూర్చుంది. మీట నొక్కింది. కాసేపు ఆగి మళ్లీ నొక్కింది. ఇయర్‌ఫోన్లు తీసి, తీగను వేళ్లకు చుట్టి, సంచిలో వేసుకుని లేచి వెళ్లిపోయింది. అంత నోరున్న పిల్ల ఒక్క మాట అనకుండా పోవడం చూసి ప్రింటరు వదిలేసి లేచాను. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

"మీ కెర్నెల్‌కో దండం సార్," అన్నాను ఆ రోజే, పిల్లలందరి ముందూ. "మీరు పీకింది కలుపు కాదు. పైరు."

ఆయన పోయి ఆ మూల కంప్యూటరును ఆపాడు. తర్వాత, "ఆ పాప ఇల్లు ఆళ్లగడ్డలో యాడ?" అన్నాడు.

"ఎందుకు సార్? ఆళ్లగడ్డలో కూడా ఏమన్నా తీసేయాల్నా?"

వెనక సీటు లేని స్కూటరెక్కి పోయాడు.

అప్పటి నుంచి ఆయనతో నా మాటలు తగ్గాయి. మనిషిలో కూడా ఏదో తేడా వచ్చింది. నాకది ముసలితనమనిపించింది. ఆదివారాలు బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు కోసం నిలబడి కనబడేవాడు. ఒకసారి పక్కన గోనెసంచిలో కట్టిన పెద్ద మూట కూడా ఉంది. ఊసుపోక శిల్పాలు చూడటానికి పోతున్నాడని ఎవరో అన్నారు. చూడనీ, ఇన్నాళ్లూ చూడకుండానే కదా పాఠాలు చెప్పాడు అనుకున్నాను.

ఒకరోజు షాపుకొచ్చి, అడగకుండా ఒక కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మానిటరు తీగ పీకేశాడు. కళ్లు మూసుకుని కీబోర్డు మీద వేళ్లు కదిలిస్తున్నాడు. కొట్టడం, ఆగడం, తల ఒక పక్కకు వంచడం. గిరాకీలు నవ్వుతున్నారు.

"ఏంది సార్ ఇది? ఇంక తెర కూడా వద్దంటారా?"

కళ్లు తెరిచి నా వంక చూశాడు. "నీకు తెర ఎందుకప్పా?"

"చూడ్డానికి సార్!"

"ఊఁ," అన్నాడు. అదేదో కొత్త సంగతి విన్నట్టు తల ఊపి, నా జేబులోంచి పెన్ను తీసుకుని పోయాడు. ఆ పెన్ను తిరిగి రాలేదు.

తర్వాతి దసరాకు ల్యాబు ముందు గుమ్మడికాయ కొట్టలేదు. "ఈసారి విడుదల లేదా సార్?" అని దారిలో కనబడితే అడిగాను.

"ఉండాది. ల్యాబుకు కాదు."

ల్యాబు బతికిపోయింది, ఈసారి బలయ్యేది ఎవరో అనుకున్నాను. మా మధ్య చివరి మాటలు అవే. వేసవిలో గుండె ఆగి పోయాడు. ఆ తర్వాతి సంగతి మొదట్లోనే చెప్పాను.

మొన్న ఆళ్లగడ్డ నుంచి ఫోను వచ్చింది. "నంద్యాల కంప్యూటరాయనేనా? మా పాప కంప్యూటరుకు తెర రాడంల్యా. పెట్టె మీద నీ షాపు స్టిక్కరుండాది. వచ్చి చూస్తావా అప్పా? కొనేవాళ్లకు విగ్రహాల ఫోటోలు చూపించుకుంటా." మాటల్లో ఓబులేశ్వరి పేరు విన్నాక, ఎల్లుండి అనబోయినవాణ్ని ఆ పూటే బస్సెక్కాను.

రోడ్డు పక్కన షెడ్డు, సగం చెక్కిన నందులు, ఒళ్లంతా రాతి పొడితో ఆమె తండ్రి. లోపల గదిలో తువ్వాలు కప్పిన కంప్యూటరు. తువ్వాలు తీయగానే గుర్తుపట్టాను. ల్యాబులో మూలనుండే మిషనే. ఓనరు పాతవి తీసేసినప్పుడు సారు దీన్ని అడిగి తీసుకున్నాడని అప్పట్లోనే విన్నాను, ఎందుకని అడగలేదు. గోనెసంచిలో మూట గుర్తొచ్చింది.

మీట నొక్కాను. కంపెనీ గుర్తు ఒక్క క్షణం మెరిసి, తెర చీకటైంది. మానిటరు మార్చి చూశాను. తీగ మార్చాను. లోపల దుమ్ము తుడిచాను. ఎన్నిసార్లు లేపినా అదే చీకటి. విసుగొచ్చి ఏదో తిట్టబోతూ ఇంకోసారి లేపుతుంటే, తండ్రి అలమరలో ఉన్న చిన్న స్పీకరు మీట వేశాడు. అందులోంచి మరబొమ్మ గొంతు ఒకటి పలికింది.

"అనవసరమైనది ఇందులో లేదు."

"ఈ గొంతు రోజూ వింటాంటిమి," అన్నాడు తండ్రి. "పాప చదువుకుంటాంది అనుకుంటిమి. తెర సంగతి మాకేం తెలుసు, ఆయమ్మకు దాంతో పనేముండాది?"

వెనక ఓబులేశ్వరి నవ్వు వినబడింది. ఆమె ఇప్పుడు సంజామలలో బ్యాంకు ఉద్యోగి. సెలవుకు ఆ పూటే ఇంటికి వచ్చింది.

"దానికి తెర లేదన్నా. సారు తీసేసినాడు."

"తెర తీసేశాడా!"

"నీకు తెర ఎందుకు అని అడిగినాడు. వద్దంటి. ఎన్ కొట్టినాడు." గోడకు ఆనుకుని నిలబడి చెప్పింది. "ఆదివారం ఆదివారం వచ్చి ఆ రాళ్ల మధ్యలో కూచునేవాడు. మెనూ మొత్తం ఒక్కొక్కటే చదివి, ఇది కావాల్నా, ఇది కావాల్నా అని అడిగేవాడు. నేను ఊఁ అంటే పెట్టినాడు, ఊహూఁ అంటే తీసేసినాడు. ఆయన సొంతంగా ఒక్కటీ తీయల్యా. దీని పేరు ఆళ్లగడ్డ అంట. దీంతోనే చదివినా, దీంతోనే పరీక్ష గట్టెక్కినా."

ఆయన మూల మిషన్ తుడిచిన పొద్దు నాకు కళ్లముందే ఉంది. ఇంత జరిగాక కూడా నాకు కావలసింది ఒక్కటే.

"తప్పయిందన్నాడా?"

"యాడన్నా! ఆ మాట ఆయన ఎప్పుడో తీసేసినాడు."

ఇద్దరం నవ్వాం. నవ్వుతూనే పెట్టె మూత బిగించాను. కోపం కూడా వచ్చింది. ఎదురుగా కూర్చుని పెన్ను ఎత్తుకుపోయిన మనిషి, ఈ ఒక్క ముక్క చెప్పి పోతే ఏం పోయేది? గ్రూపులో అంతమంది అన్ని అబద్ధాలు రాస్తున్నప్పుడు నేనూ ఒక నిజం రాసి ఉండేవాణ్ని. చెప్పడం అనవసరం అనుకుని ఉంటాడు, ఇంకేముంది.

"నాకు వేరే ల్యాప్‌టాప్ ఉండాది," అంది ఓబులేశ్వరి. "నాయనకు తెరుండేది వెయ్యన్నా. దాన్ని తుడిచెయ్. అక్కర్లేనిది ఉంచగూడదని సారే అంటాండె కదా." మాట బాగానే అంది. అని, అక్కడ నిలబడలేక లోపలికి వెళ్లిపోయింది.

బయట ఎవరో నంది బేరానికి వస్తే తండ్రి లేచి పోయాడు. నేను పెన్‌డ్రైవు పెట్టి మామూలు సిస్టమ్ మొదలుపెట్టాను. ఆ మిషన్‌కు ఇన్నాళ్లకు తెర వెలిగింది. ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగింది. ఇందులో పాతదంతా చెరిగిపోతుంది, సరేనా? వై, ఎన్. వెలుగోడు, సంజామల, సున్నిపెంట, నంద్యాల, అన్నిటినీ నేనే చెరిపాను. ఆ ప్రశ్నను ఒక్కసారైనా పూర్తిగా చదివింది లేదు. వై కొట్టి టీ తాగడానికి పోయేవాణ్ని. ఎంత హాయిగా ఉండేదో.

ఇప్పుడు పూర్తిగా చదివాను. ఆయన కట్టినవాటిలో ఇది ఒక్కటే సరిగ్గా పనిచేసింది. దీన్ని చెరిపితే ఆ మనిషి గురించి నా దగ్గర మిగిలేది తిట్లే. ఎన్ నొక్కాను. పెన్‌డ్రైవు తీసి జేబులో వేసుకుని, కంప్యూటరు ఆపి, తువ్వాలు ఎలా ఉందో అలా కప్పాను.

"తెర రాలేదు పెద్దాయనా," అన్నాను బయటికి వచ్చి. "ఇది బాగుకాదు. షాపులో ఇంకోటుంది, తెచ్చిస్తా. ఇది మాత్రం ఇక్కడే ఉండనీ."

"ఇంత దూరం వచ్చి తెర తెప్పీలేకపోతివా!" అన్నాడాయన, బేరానికి వచ్చినవాళ్లు వింటుండగా. "ఏం పనోడివప్పా నువ్వు?"

గుమ్మంలోంచి చూస్తే ఓబులేశ్వరి ఆ తువ్వాలును చేత్తో తడిమి సర్దుతోంది. నేను బస్సెక్కాను. వేరే కంప్యూటరు ఇచ్చి వచ్చినా, నాకు పని రాదని ఆ పెద్దాయన ఆళ్లగడ్డ అంతా చెబుతున్నాడట. సారు పోయినా మా లెక్క మారలేదు. పని ఆయనది, తిట్లు నాకు.